ఎడమ ముందు చక్రం కప్పు

కళ్యాణదుర్గం,
9-2-1999.

మా బామ్మర్ది నాగేశ్వరకు బావ గంగాధరప్ప రాసేదేమంటే,

ఇక్కడ వాన తప్ప అందరూ క్షేమం. మీ అక్క హేమావతికి మోకాలి నొప్పి తగ్గింది, నోటి నొప్పి తగ్గలేదు. నాలుగు నెలలుగా ఉత్తరం ముక్క రాయని తమ్ముణ్ణి రోజుకు రెండు పూటలా తిడుతోంది. నేను మధ్యలో దూరి, "పోనీలేవే, బెంగళూరులో పెద్దోళ్ల పాత కార్లు బాగుచేస్తాండాడు, తీరిక యాడుంటాది" అంటే ఆ తిట్లు నాకు తగులుతున్నాయి.

పని ఉండే రాస్తున్నాను, దాపరికమెందుకు. మన పాత డాడ్జి కారు సంగతి. నూనె మిల్లు మూతపడి ఓనరు అమ్మేస్తుంటే ఈ బండిని కొన్నాను, అప్పటికి నీకు ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా పెళ్లి ఊరేగింపులకు, మెరవణులకు తిప్పుతున్నాను. ఇప్పుడు రాయదుర్గం నుంచి ఒకాయన తెల్ల కాంటెస్సా దించాడు. దాని చక్రాలకు సైకిలు పుల్లల్లాంటి మెరిసే కప్పులు. పోయిన నెల ఒక పెళ్లివాళ్లు మన బండి చుట్టూ తిరిగి, చక్రాల దగ్గర వంగి చూసి, "కప్పులు మసకబారినాయి కదప్పా" అని వెళ్లిపోయారు. చక్రం మూతలు చూసి పెళ్లి బండి కుదుర్చుకునే కాలం వచ్చింది. వాళ్ల తప్పు కూడా లేదు. ఎడమ ముందు చక్రం కప్పుకు బెళుగుప్ప దారిలో రాయి తగిలి సొట్టపడి పదిహేనేళ్లయింది, మనం పట్టించుకున్నది లేదు.

ఆ పనిలోనే ఉన్నావు కాబట్టి నువ్వే చెప్పు. ఏ రకం కప్పులు వేయాలి? మన క్లీనర్ ఎర్రప్పనడిగితే, "ఉన్నవే ఉండనీ అప్పా, అవి బండితో పుట్టినవి" అంటాడు. వాడు మొదటి రోజు నుంచీ వాటిని తుడిచేవాడు, అంతవరకే వానికి తెలుసు.

జవాబు ఆలస్యమైతే మీ అక్కను బస్సెక్కించి నీ రూముకే పంపుతాను.

గంగాధరప్ప


బెంగళూరు,
20-2-1999.

బావకు నాగేశ్వర నమస్కారాలు.

అక్కను పంపవద్దు, ఇదిగో జవాబు. మొదట అక్కకు చెప్పు, నేను బాగానే తింటున్నాను.

కప్పుల్లో చాలా రకాలున్నాయి బావా. చక్రం మధ్య బొడ్డును మాత్రమే మూసేది చిన్న కప్పు. దాని చుట్టూ చక్రం రంగు కనబడుతుంది, అదే దాని అందం. అంచు చుట్టూ కడియం లాంటి మెరిసే రింగు విడిగా దొరుకుతుంది, చిన్న కప్పుతో కలిపి వేసుకోవచ్చు. చక్రం మొత్తాన్ని పళ్లెంలా మూసేది పెద్ద కప్పు. నువ్వు చూసిన పుల్లలు ఉత్తుత్తి పుల్లలు, పెద్ద కప్పు మీద అతికించినవి. మన దారుల్లో నెల తిరక్కుండా గలగలలాడతాయి, పూలదండల దారాలు కూడా వాటిలో చిక్కుకుంటాయి. ఇవి కాక గుండు గీసినట్టు నున్నగా ఉండేవి ఉన్నాయి. మా షెడ్డులో ఒక కుర్రాడు పాత ఫోర్డు పైకప్పు కోసి కిందికి దించి, వెనక లావు చక్రాలు పెట్టించుకుంటున్నాడు. దాన్ని హాట్ రాడ్ అంటారు. అతనికి ఆ గుండు కప్పులే కావాలి. అతని బండికి అవే బాగుంటాయి కూడా.

నేను ఏ బండికైనా ముందు అడిగేది ఒకటే, ఇది ఎంత వేగంగా పోతుంది అని. ఉరికే బండికి పుల్లలు అందం. మెరవణిలో బండి మనిషి నడకతో పోతుంది. చక్రం నెమ్మదిగా తిరుగుతుంటే పక్కన నడిచే పిల్లలు వంగి కప్పులో వాళ్ల ముఖాలు చూసుకుంటారు. దానికి చిన్న కప్పే కావాలి, మధ్యలో కంపెనీ గుర్తు అచ్చు ఒకటి ఉండాలి. అంటే నీ బండికి ఇప్పుడున్నవే. ఎర్రప్పన్న చెప్పింది నిజం.

ఇంకొక మాట. మా ఓనరు తిప్పేష్ సార్ దగ్గర మన బండి లాంటిదే, అదే ఏడాదిది, ఒక ఎస్టేట్ యజమానిది బాగవుతోంది. ఏప్రిల్‌లో పాత కార్ల పోటీకి పోవాలి. అన్నీ కుదిరాయి, చక్రాల కప్పులు లేవు. ఎర్ర అచ్చున్న ఆ కాలం కప్పుల కోసం నాలుగు నెలలుగా పాతసామాన్ల అంగళ్లన్నీ తిరిగాను. దొరకలేదు. అలాంటివి నీ దగ్గర నాలుగుంటే వాటిని పారేసి పుల్లలు వేస్తానంటావా? అలా చేస్తే నీ ముఖం చూడను. ఉగాదికి వస్తున్నాను. వాటిని తీసుకుపోయి మెరుగు పెట్టించి పంపుతాను.

నీ బామ్మర్ది,
నాగేశ్వర


కళ్యాణదుర్గం,
2-5-1999.

నాగేశ్వరా,

ఉగాదికి గోనెసంచిలో వేసుకుపోయిన మసిబొగ్గులు ఇవేనా అని మీ అక్క ముక్కున వేలేసుకుంది. బస్సు డ్రైవరు పార్సిలు అందించగానే బస్టాండులోనే విప్పాను. కప్పులు ధగధగమంటున్నాయి. ఎడమ ముందు కప్పు సొట్ట సంగతి చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నీ చేతికి కంకణం చేయించాలి.

కొత్తచెరువు పెళ్లికి పోయాం. మెరవణిలో పిల్లలు నువ్వు రాసినట్టే వంగి వంగి ముఖాలు చూసుకున్నారు. పెళ్లికూతురి మేనమామ అడిగాడు, యాడ చేయించినావప్పా అని. "మా బామ్మర్ది, బెంగళూరులో చక్రాల కప్పుల విషయంలో వాడి మాటే మాట" అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను. నిన్ను ఇంత పొగుడుతున్నాను, తల తిరిగి పడిపోవద్దు.

నవ్వులాట ఒకటి చెప్పాలి. ఎర్రప్ప వాటిని తుడుస్తూ తుడుస్తూ ఒకటి ఊడదీసి, వెనక్కి తిప్పి చూసి, "ఇవి మనవి కాదప్పా" అన్నాడు. "నీ కండ్లు కూడా మెరుగు పెట్టించాలిరా" అన్నాను. మూతి ముడుచుకుని పోయాడు. ముసలితనం వచ్చింది వానికి, నాకంటే ఆరేళ్లు పెద్ద గదా.

మీ అక్క వేరుశనగ ఉండలు పంపుతోంది. నువ్వు చేసిన పనికి ఉండలు చాలవంటోంది.

బావ


(ఇది పోస్టు చేయని ఉత్తరం.)

బెంగళూరు,
11-5-1999.

బావా,

ఉండలు అందాయి. నోట్లో పెట్టుకోలేకపోయాను. ఎర్రప్పన్న కళ్లు బాగానే ఉన్నాయి. అవి నీ కప్పులు కావు.

సంచి తెచ్చి షెడ్డులో దించినప్పుడు తిప్పేష్ సార్ చూశారు. ఒకటి చేతిలోకి తీసుకుని, దేవుడి ప్రసాదం చూసినట్టు చూసి, "ఎక్కడ దొరికాయి నాగేశ్వరా?" అన్నారు. మా బావవి, మెరుగుకు తెచ్చాను అనాలి. అంత చిన్న మాట. నేను "దొరికాయి సార్" అన్నాను. ఆయన నా భుజం తట్టి అందరినీ పిలిచి చూపించారు. నాలుగు నెలలు వెతికి ఓడిపోయినవాణ్ణి ఒక్క మాటతో గెలిచినవాణ్ణి అయ్యాను. ఆ తర్వాత ఆ మాటను వెనక్కి తీసుకునే సందు దొరకలేదు, నేను వెతకనూ లేదు. అవి ఎస్టేట్ యజమాని బండికి ఎక్కాయి. పోటీలో కప్పు గెలిచాం. పేపరు ఫొటోలో చక్రం పక్కన కూర్చున్నది నేనే.

నీకు పంపినవి వాటిని చూసి కొత్తగా ఒత్తించిన నకళ్లు, పోటీలో చెల్లనివి. అసలువాటికంటే ఎక్కువ మెరుస్తాయి. బావ మెరవణుల్లో దుమ్ములో తిప్పేవాడు, ఆయనకు ఏదైనా ఒకటే అనుకున్నాను. ఈ మాట నిజంగా అనుకున్నాను. దుడ్లు మాత్రం తీసుకోలేదు. తీసుకుని ఉంటే దొంగ అని ఒక పేరైనా ఉండేది. భుజం తట్టించుకోవడానికి మోసం చేసినవాణ్ణి ఏమంటారో నాకు తెలియదు.

ఆ ఎడమ ముందు కప్పు ఒక్కటే లోపల కూడా తెల్లగా ఉంది బావా. మిగతా మూడింటి లోపల జిడ్డు, తారు. అది మాత్రం తోమిన గిన్నెలా ఉంది. చక్రానికి కనబడని వైపు ఎవరు తోముతారు, ఎందుకు తోముతారు అనుకున్నాను. దాని సొట్ట నా చేత్తోనే చిన్న సుత్తితో తీశాను.

రేపు పొద్దున ఇది పోస్టు చేస్తాను.


బెంగళూరు,
12-5-1999.

బావకు నమస్కారాలు.

ఉండలు చాలా బాగున్నాయని అక్కకు చెప్పు. షెడ్డులో అందరికీ పంచాను.

కప్పుల సంగతి. మెరుగు పెట్టేటప్పుడు పైపొర మొత్తం గీకేస్తారు, యాసిడ్‌లో ముంచుతారు, కొత్త పూత పోస్తారు. బరువు కొంచెం తగ్గుతుంది. వెనకవైపు కూడా రంగు మారుతుంది. అంచు కూడా కొంచెం మారినట్టు కనబడవచ్చు. ఎవరికైనా వేరేవేమో అనిపిస్తుంది, అది సహజం. ఎర్రప్పన్నకు కంట్లో పొర వచ్చి ఉంటుంది, ఆ వయసులో వస్తుంది. డాక్టరుకు చూపించు.

పని ఎక్కువగా ఉంది. మళ్లీ రాస్తాను.

నాగేశ్వర


కళ్యాణదుర్గం,
28-6-1999.

నాగేశ్వరకు,

కాగితం మీద పుస్తకం తెలుగు రాయాలని మా బడి అయ్యవారు కొట్టి నేర్పాడు. కోపంలో ఉన్నాను, నోటికొచ్చినట్టు వస్తే క్షమించు.

ఎర్రప్ప నవ్వులాట ముదిరింది. ఈ నెల మొదట్లో బస్టాండు హోటల్లో టీ తాగుతూ నలుగురిలో అన్నాడు, "బెంగళూరుకు పోయిన కప్పులు వేరే, వచ్చినవి వేరే" అని. అంటే ఏమిటి అర్థం? నా పెండ్లాం తమ్ముడు దొంగ అని గదా. ఆ మాట నాకు చేరేసరికి దానికి కొమ్ములు మొలిచాయి. పిలిచి అడిగాను. "ఎట్ల తెలుసురా నీకు?" అంటే నేల చూస్తాడు. "తెలుసప్పా" అంటాడు. గుర్తు చెప్పరా అంటే చెప్పడు. నీ ఉత్తరం తీసి కంటి పొర సంగతి అందరికీ చదివి వినిపించాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

"అట్లయితే సుంకులమ్మ గుడిలో కర్పూరం ఆర్పు" అన్నాను. మన పద్ధతి నీకు తెలుసు. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి మాట చెప్పాలి, అది అబద్ధమైతే ఆ ఇంటి దీపం ఆరుతుంది. భయపడి వెనక్కి తగ్గుతాడనుకున్నాను. నలభై మంది చూస్తుండగా ఆర్పాడు. "ఆ కప్పులు మనవి కాదు" అన్నాడు. మళ్లీ అడిగారు పెద్దలు, ఎట్ల తెలుసో అమ్మవారి ముందరైనా చెప్పమని. తల దించుకుని నిలబడ్డాడే గానీ నోరు తెరవలేదు. పనిలోనుంచి తీసేశాను. నా ఇంటి మనిషిని దొంగ అన్నవాడు నా బండి ముట్టకూడదు.

పదకొండు రోజులు తిరగలేదు. వాని భార్య బయమ్మ చెరువు పూడిక పనిలో మట్టి తట్టతో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇంకేముంది, ఊరు తీర్పు చెప్పేసింది. ప్రమాణం తగిలిందంట. వానిని కూలికి ఎవరూ పిలవడం లేదు. అబద్ధపు ప్రమాణం చేసినవాడు కాలు పెడితే చేను ఎండుతుందంట. ఎప్పుడో ఎండిన చేన్లకు ఇదొక సాకు.

నీ పేరు నిలబడింది. మీ అక్క అమ్మవారికి చీర పెట్టింది. నాకు మాత్రం రెండు రోజులుగా తిన్నది ఒంటికి పట్టడం లేదు, బండి తుడిచేవాడు లేకనేమో.

గంగాధరప్ప


బెంగళూరు,
10-7-1999.

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎర్రప్పన్నను పనిలోకి తీసుకో. నా కోసం తీసుకో. ఆయన అన్నదానికి నేనేమీ అనుకోలేదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని మెరవణి చూపించిన మనిషి. బయమ్మక్క కాలికి కట్టు కట్టించు. ప్రమాణం తగలడం లాంటివి ఉండవు బావా, కట్ట మీద మట్టి జారుతుంది, మనుషులు పడతారు. ఊళ్లోవాళ్లకు నువ్వు చెప్పు.

ఆయనకు ఎట్లా తెలుసో ఒక్కసారి ఒంటరిగా అడుగు. నలుగురిలో వద్దు.

ఇక్కడి కబుర్లు ఏమున్నాయి. ఆ హాట్ రాడ్ కుర్రాడి గుండు కప్పు ఒకటి తుమకూరు దారిలో ఊడిపోయి, బండిని దాటుకుని ముందుకు దొర్లుతూ పోయింది. నేను దిగి దాని వెంట అర కిలోమీటరు పరుగెత్తాను. దొరికింది. నలిగిపోయింది. అందరూ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో రాయలేను.

దసరాకు వచ్చి నేరుగా మాట్లాడతాను.

నాగేశ్వర


కళ్యాణదుర్గం,
19-8-1999.

నాగేశ్వరకు,

నీ పెద్దమనసు చూసి మీ అక్క కన్నీళ్లు పెట్టుకుంది. నన్ను వదలకుండా సతాయించి, జొన్నలు మూటగట్టి, ఎర్రప్ప ఇంటికి నడిపించింది. వాడు లేడు, మేకలు మేపడానికి గుట్టకు పోయాడంట. బయమ్మ గడపలో కాలు చాపుకుని కూర్చుంది. నువ్వు చెప్పినట్టే నలుగురూ లేనప్పుడు అడిగాను, నీ మొగునికి ఎట్ల తెలుసమ్మా అని.

ఆమె మీ అక్క వైపు తిరిగి చెప్పింది, నా వైపు కాదు. చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"పెండ్లికి పోతే సామి పంక్తిలో కూర్చుంటాడు. మా ఆయప్పకు ఆకు ఎవరేస్తారమ్మా? గోడవతల నిలబడమంటారు, చేతుల్లో పెడతామంటారు. చేతుల్లో పులుసు, సారు నిలుస్తాదా? చక్రం కప్పు ఊడదీసి, బూడిదతో తోముకొని, దాంట్లో పోయించుకుంటాండె. ఎడమ పక్క ముందరిది. దాని సొట్ట వెనక్కి తిప్పితే గట్టు మాదిరి ఉంటాది, సారు ఒగ పక్కన నిలుస్తాది, అన్నం ఇంగొగ పక్కన. ఇరవై రెండేండ్లు తినిన కంచం మారితే మనిషికి తెలీదా?"

గుడి దగ్గర ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. "నలభై మంది ముందర చక్రం మూతలో తింటానని చెప్పమంటావా సామీ? దానికంటే అబద్ధాలకోరు అనిపించుకునేదే మేలన్నాడు" అంది.

జొన్నల మూట అక్కడ పెట్టి ఎట్లా వచ్చానో తెలియదు. ఎన్ని వందల పెళ్లిళ్లు నాగేశ్వరా. ప్రతి పెళ్లి నుంచీ తిరిగొచ్చే దారిలో లడ్డు బాగుందా, వంకాయ బాగుందా అని వాగుతూ వచ్చేవాణ్ణి. "తిన్నావా ఎర్రప్పా" అని అడగని రోజు లేదు. "తిన్నా అప్పా" అనేవాడు. దేంట్లో తిన్నావు అని ఒక్కనాడూ అడగలేదు. నాకు తెలియదు అని రాయబోయి కొట్టేశాను. తెలుసుకోవాలంటే గోడ అవతలికి పది అడుగులు నడిస్తే చాలు.

ఇంటికొచ్చి నాలుగు కప్పులూ ఊడదీశాను. వాకిట్లో వెల్లకిలా పెట్టి మీ అక్క చేత సారు పోయించాను. నాలుగింటిలోనూ సమంగా నిలిచింది. సొట్ట మెరుగులో పోయిందనుకుందాం. నాలుగూ లోపల ఒకేలా ఉన్నాయి. ఇరవై రెండేళ్లు బూడిదతో తోమిన తెలుపు ఒక్కదాంట్లోనైనా ఉండాలి గదా, ఏమయింది?

నీ మే నెల ఉత్తరం మళ్లీ తీశాను. నేనేమీ అడగకముందే బరువు తగ్గుతుంది, రంగు మారుతుంది, అంచు మారుతుంది అని ఎంత వివరంగా రాశావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది, ఇప్పుడు చదివితే.

దసరా దాకా ఆగలేను. ఈ కప్పులు మనవేనా? ఒక్క మాట రాయి. యాసిడ్ గురించి వద్దు.

గంగాధరప్ప


బెంగళూరు,
25-8-1999.

బావా,

కాదు.

దీనితో పాటు ఇంకొక ఉత్తరం పెట్టాను. మే నెల పదకొండున రాసింది. పోస్టు చేయకుండా పెట్టె అడుగున దాచాను. మరుసటి రోజు నీకు పంపింది అబద్ధం. కంటి పొర మాట నేను రాశాను, నువ్వు దాన్ని నలుగురిలో చదివావు, అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎర్రప్పన్నది కాదు, నాది. నేను పడవలసింది ఆయన పడ్డాడు.

మే నెలలోనే పంపి ఉంటే ప్రమాణమే జరిగి ఉండేది కాదు. జూలైలో రాసి ఉంటే ఆయన రెండు నెలలు కూలి లేకుండా కూర్చునేవాడు కాదు. నేను మాత్రం "నేనేమీ అనుకోలేదు" అని రాశాను. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా నా చెవులు కాలుతున్నాయి. దానికి అక్క ఏడ్చిందని చదివి బాత్రూములోకి పోయి తలుపేసుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే తిప్పేష్ సార్‌కు చెప్పాను. ఆయన ఏమీ తిట్టలేదు. కుర్చీలోనుంచి లేచి, తానే ఎస్టేట్ యజమానికి ఫోను చేసి, కప్పులు తెప్పించి నా ముందు పెట్టారు. "నేను నిన్ను అడిగింది ఒకే ప్రశ్న" అన్నారు. ఇప్పుడు షెడ్డులో నన్ను ఎవరూ కప్పుల గురించి అడగడం లేదు.

ఆదివారం పొద్దున బస్సుకు దిగుతాను. నేరుగా సుంకులమ్మ గుడికి పోతాను, ఇంటికి కాదు. ఆ నలభై మందినీ పిలిపించు. కర్పూరం నేను ఆర్పుతాను. ఆ రోజు ఇంట్లో నాకు కంచం పెట్టవద్దని అక్కకు చెప్పు.

ఒక్కటి మాత్రం తిరిగి తేలేను. ఆ సొట్ట. బాగుచేస్తున్నాననుకుని నా చేత్తో తీసేశాను.

నాగేశ్వర


కళ్యాణదుర్గం,
21-11-1999.

చిరంజీవి నాగేశ్వరకు,

నువ్వు వచ్చిపోయిన తర్వాత మూడు నెలలు నీకు రాయలేదు. రాయాలనిపించలేదు. మీ అక్క ఇప్పటికీ నీ పేరెత్తితే లేచి వంటింట్లోకి పోతుంది. అయినా ఈ ఉత్తరం రాయమన్నది ఆమే.

ఆ రోజు గుడిలో నువ్వు అంతా చెప్పావు, ఎర్రప్పకు ఎట్లా తెలిసిందో మాత్రం చెప్పలేదు. పెద్దలు అడిగినా "ఆయనకు తెలుసు, అంతే" అన్నావు. చేసిన పనుల్లో అదొక్కటి మంచిది. నువ్వు కర్పూరం ఆర్పుతుంటే అందరూ నిన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. నీకంటే ఆయనే ఎక్కువ సిగ్గుపడ్డాడు. తప్పు చేసినవాళ్లు ఇద్దరం తలెత్తుకుని నిలబడ్డాం, ఏ తప్పూ లేనివాడు నేల చూశాడు.

ఊరు మళ్లీ కూలికి పిలిచింది. ఊరికేం, నోరు ఎటైనా తిరుగుతుంది. నా దగ్గరికి మాత్రం ఆయన రాలేదు. నేనే మూడుసార్లు పోయాను. మొదటిసారి నన్ను చూసి మేకలు తోలుకుని గుట్టకు పోయాడు. రెండోసారి బయమ్మ సూదిలోకి దారం ఎక్కించలేక ఇబ్బంది పడుతుంటే అందుకుని, నా కళ్లెదుట ఒక్క విసురుకు ఎక్కించి ఆమెకిచ్చాడు. కంటి పొర గురించి అంతకు మించి ఏమీ అనలేదు. చచ్చినంత పనయింది నాకు.

మూడోసారి అడిగాను. "నేను చేసింది తప్పు ఎర్రప్పన్నా. బండి దగ్గరికి రా. రాకపోయినా పరవాలేదు, ఈ మాట చెప్పడానికి వచ్చినా" అన్నాను. మరుసటి రోజు పొద్దున వాకిట్లో ఉన్నాడు. నువ్వు తెచ్చిన గోనెసంచి అప్పటిదాకా విప్పలేదు నేను. ఆయన విప్పి, ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూశాడు. నాలుగోదాని దగ్గర ఆగాడు. తెల్లగా ఉంది లోపల. సొట్ట ఉండే చోట బొటనవేలు పెట్టి రెండుసార్లు రుద్దాడు. "సొట్ట తీసేసినాడే" అన్నాడు, మెల్లగా. తిరిగి సొట్ట కొట్టిస్తానని నోటిదాకా వచ్చింది. ఎంత బుద్ధిలేని మాట. మింగేశాను.

దాన్ని ఎడమ ముందు చక్రానికి పెట్టి అరచేత్తో గట్టిగా కొట్టి బిగించాడు. తర్వాత నా వైపు చూసి అన్నాడు.

"ఇంగ ఇది చక్రానికే ఉండనీ అప్పా. నాకు ఆకు వేయమను."

ఇంత చిన్న మాట అడగడానికి ఆయనకు ఇరవై రెండేళ్లు పట్టింది. నాకు ఎన్నేళ్లు పట్టేదో, నీ దొంగతనం లేకపోతే. ఇది నిన్ను మెచ్చుకోవడం కాదు, పొరపాటు పడొద్దు.

పద్దెనిమిదో తేదీ కొత్తచెరువులో పెళ్లి. మెరవణి బాగానే జరిగింది, పిల్లలు కప్పుల్లో ముఖాలు చూసుకున్నారు. భోజనాలకు పిలిచారు. పంక్తి దగ్గర నిలబడి, "ఇంకొక ఆకు వేయండప్పా" అన్నాను. వడ్డించే పెద్దాయన "ఎవరికి?" అన్నాడు. "మా ఎర్రప్పన్నకు" అన్నాను. ఆయన గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆయప్పకు ఆడ పెడతాం లేప్పా" అన్నాడు. "అట్లయితే నాకూ ఆడనే పెట్టండి" అని పంక్తిలోనుంచి పక్కకు వచ్చాను. పెళ్లికూతురి నాయన లోపలినుంచి వచ్చి, సంగతి విని, "ఆకు వేయండి, టయిమైతాంది" అన్నాడు. ధర్మం కోసం కాదు, తొందర కోసం వేశారు. ఎట్లా అయితేనేం, వేశారు.

ఎర్రప్పన్న నీ గురించి ఏమీ అడగలేదు. అడిగినప్పుడు రాస్తాను.

ఆయన నా ఎడమ పక్కన కూర్చున్నాడు. ఇరుగుపొరుగు ఆకులవాళ్లు కొంచెం జరిగారు. ఆయన తల వంచుకుని, అన్నం ఒక పక్కకు తోసి, పాత అలవాటున ఖాళీ పక్కన సారు పోయించుకున్నాడు. ఆకు మీద సారు నిలుస్తుందా? పారుకుంటూ అంచు దాటి నా ఆకులోకి వచ్చింది. ఇద్దరం ఒక్కసారే చెయ్యి పెట్టి అన్నంతో కట్ట వేసుకున్నాం.

బావ,
గంగాధరప్ప